బదిలీ కాని చదువు

మా నాన్నది బదిలీల ఉద్యోగం. మూడేళ్ళకో ఊరు. ఆయన ఏ ఊరు వెళ్ళినా సర్వీసు ఆయన వెంటే వచ్చేది, ఒక్క రోజు కూడా పోయేది కాదు. అమ్మ వెంట వచ్చినవి దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు. ప్రాథమిక ఒక ఊళ్ళో రాసింది, మధ్యమ ఇంకో ఊళ్ళో, రాష్ట్రభాష మరో ఊళ్ళో. పొయ్యి మీద ఎసరు పెట్టి వ్యాకరణం వల్లించుకున్న ఆ చదువు ఎక్కడా తెగిపోలేదు. ఎవరి దగ్గర చదివావు, ఏ ఊళ్ళో చదివావు అని ఎవరూ అడగలేదు. పాసయిన పరీక్ష పాసయినట్టే.

అదెంత పెద్ద హక్కో నాకు అమెరికా వచ్చాకే తెలిసింది.

డిగ్రీ మధ్యలో పెళ్ళయి, 2005లో హెచ్-4 వీసా మీద డాలస్ దగ్గరికి వచ్చాను. ఆ వీసా మీద భార్య చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. కొందరు భార్యలకైనా పని చేసుకునే అనుమతి వచ్చింది 2015లోనే. అందుకని మాలాంటి వాళ్ళకి తెరిచి ఉన్న తలుపు కమ్యూనిటీ కాలేజీ. తక్కువ ఫీజు, సాయంత్రం క్లాసులు, వచ్చిన వాళ్ళనందరినీ చేర్చుకుంటారు. అక్కడ రెండేళ్ళ చదువు ముగించి విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదిలోకి మారవచ్చు. మనవాళ్ళ ఇళ్ళల్లో దీనికి పేరు "టైమ్‌పాస్". పిల్లవాడి కాలేజీ ప్రవేశం ఇంటిల్లిపాదికీ వ్రతం. పిల్లవాడి తల్లి కాలేజీకి వెళితే మాత్రం కూర చల్లారిపోయిందని ఫిర్యాదు.

తొమ్మిది కోర్సులు, 27 క్రెడిట్లు అయ్యేసరికి ఆయన ప్రాజెక్టు కాలిఫోర్నియాకి మారింది. ఆయన జీతం, అనుభవం, హోదా అన్నీ ఆయనతో వచ్చాయి. సామానుతో పాటు నేనూ వచ్చాను. నా క్రెడిట్లు రాలేదు. టెక్సాస్‌లో 42 గంటల కోర్ చదువు పూర్తి చేస్తే ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నీ దాన్ని మొత్తంగా ఒప్పుకోవాలి. ఆ నియమం రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. కాలిఫోర్నియాలో మిగతా చదువు పూర్తి చేసుకుని విశ్వవిద్యాలయానికి వెళితే, నా 27లో 12 మాత్రమే చెల్లుతాయన్నారు. "సమానమైన కోర్సు లేదు" అని ఒక్క వాక్యం. స్టాటిస్టిక్స్ మళ్ళీ చదివాను. అదే పుస్తకం, ఎడిషన్ మారిందంతే. చంటిపిల్ల నిద్రపోయాక రాత్రి పదకొండింటికి ఒకసారి చేసిన లెక్కలే, మళ్ళీ డబ్బు కట్టి, మళ్ళీ పదకొండింటికి చేశాను.

వీటిని "పోయిన క్రెడిట్లు" అంటారు. పోవడానికి అవేమైనా తాళంచెవులా? అవి పోలేదు. ఒక బల్ల దగ్గర, ఒక మనిషి కాదన్నారు. కర్త లేని ఆ మాట వెనక చాలా మంది దాక్కుంటున్నారు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2004–09 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు, అన్ని రకాల కాలేజీలూ కలిపి, సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోయారు. ఒకే రాష్ట్రంలో ఉన్నవాళ్ళకయినా దారి సాఫీగా లేదు. కాలిఫోర్నియాలో 2017–19 మధ్య కమ్యూనిటీ కాలేజీలో చేరి, విశ్వవిద్యాలయానికి మారాలనుకున్న వాళ్ళలో నాలుగేళ్ళ లోపు మారగలిగింది అయిదుగురిలో ఒక్కరేనని రాష్ట్ర ఆడిటర్ 2024లో తేల్చారు.

కమ్యూనిటీ కాలేజీల్లో ఆడవాళ్ళే ఎక్కువ. ఇది యాదృచ్ఛికం అనుకుందామా? ఒకే చోట, ఏకధాటిగా, నాలుగేళ్ళు కూర్చుని చదివేవాడే అసలైన విద్యార్థి అన్న ఊహ మీద ఈ నియమాలన్నీ నిలబడ్డాయి. అతనికి వండి పెట్టేది ఎవరో నియమాలకి అక్కర్లేదు. కానుపుకి ఆగిన, భర్త ఉద్యోగం కోసం ఊరు మారిన, ముక్కలు ముక్కలుగా చదివిన మనిషి ఆ నియమాల కంటికి అనుమానితురాలు.

ప్రమాణాల మాటేమిటి అంటారు. ప్రమాణాలు నాకూ కావాలి. అయితే కమ్యూనిటీ కాలేజీల నుంచి వచ్చిన వాళ్ళు, మొదటి ఏడాది నుంచీ అక్కడే చదివిన వాళ్ళతో దాదాపు సమానంగా డిగ్రీ పూర్తి చేస్తున్నారని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లెక్కలే చెబుతున్నాయి. మరి ఈ జల్లెడ దేనికి?

ఇదంతా రాసే అర్హత నాకెంతుందో కూడా చెప్పాలి. ఇప్పుడు నేను బల్లకి ఆవలి వైపు ఉన్నాను. పాఠం చెబుతాను, వేరే చోటి నుంచి వచ్చిన వాళ్ళ కోర్సులు మా కోర్సులతో సరిపోతాయో లేదో చూసే పని కూడా చేస్తాను. కొన్నేళ్ళ క్రితం ఇద్దరు పిల్లల తల్లి ఫైలు నా ముందుకొచ్చింది. ఆమె కోర్సులో మా పాఠ్యాంశాలు రెండు లేవు. "సమానం కాదు" అని రాసి సంతకం పెట్టాను. పది నిమిషాలు పట్టింది. ఆమెకి ఒక సెమిస్టరు పట్టింది. ఆ రెండు పాఠాలూ మూడు సాయంత్రాల్లో నేర్పగలిగేదాన్ని. నాకు తట్టలేదు. నన్ను నిలబెట్టిన బల్ల దగ్గరే నేను కూర్చున్నానని ఇంటికి వెళ్ళాక గాని తెలియలేదు.

ఈ పత్రిక చదివే వాళ్ళలో చాలామంది ఇలాంటి బల్లల దగ్గరే కూర్చుంటారు, అక్కడయినా ఇక్కడయినా. ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ కోసం తిరిగే అమ్మాయిలు మన విశ్వవిద్యాలయాల్లో లేరా? నేను అడిగేది మూడే. ఏ కోర్సు చెల్లుతుందో చేరకముందే కాగితం మీద చెప్పండి. కాదంటే ఎందుకు కాదో నిరూపించే భారం కాదన్న వాళ్ళదే కావాలి. ఇంకా అనుమానముంటే మళ్ళీ క్లాసులో కూర్చోబెట్టకండి, ఒక పరీక్ష పెట్టండి. గెలిస్తే ఒప్పుకోండి.

హిందీ ప్రచార సభ మా అమ్మని ఆ ఒక్కటే అడిగింది. అమ్మ రాసింది.