ఆరోగ్య విషయములు: గర్భమునందలి బిడ్డ కదలిక



క్రిందటి నెలలో గర్భిణుల ఆహారమును గూర్చి వ్రాసిన సంగతులు చదివి ఒక సోదరి ఇట్లు అడిగియున్నారు: “నాకిది తొలిచూలు. ఏడవ నెల నడచుచున్నది. బిడ్డ ఒకనాడు మిక్కిలిగా కదలుచున్నది, ఒకనాడు అంతగా కదలుట లేదు. దినమునకు ఎన్నిమార్లు కదలినచో క్షేమము?” ఈ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు. సంకోచముచే పైకి అడుగని గర్భిణులెందరి మనస్సులలోనో ఉన్న ప్రశ్న యిది. కావున ఈ నెల దీనినే విచారింతము.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమును ఉపేక్షింపలేదు. నాలుగవ నెలలో శిశువు హృదయము వ్యక్తమగుననియు, అందుచే తల్లి రెండు హృదయములు గలది యగుననియు సుశ్రుత సంహిత చెప్పుచున్నది. గర్భమున శిశువు మరణించినదని తెలుపు లక్షణములలో స్పందనము లేకుండుట ఒకటిగా ఆ గ్రంథముననే చెప్పబడినది. నేటి శాస్త్రము దీనికి ముఖ్యమైన సంగతి నొకదానిని చేర్చినది. స్పందనము ఆగుటకు పూర్వము తగ్గుట యను దశ తరచుగా నుండును. బిడ్డను కాపాడుకొనదగిన సమయము ఆ దశయే.

కదలిక సాధారణముగా 16 మొదలు 20 వారముల నడుమ తెలియవచ్చును. ఇదివరలో కన్న తల్లి ముందుగానే గుర్తించును. తొలిచూలు స్త్రీకి 20 వారములు దాటిన పిదప తెలిసినను వింత కాదు. మావి గర్భాశయపు ముందువైపున నున్నచో తొలి కదలికలు స్పష్టముగా తెలియవు. కాని 24 వారములు వచ్చినను ఏమియు తెలియనిచో వైద్యురాలికి చూపించుకొనవలెను. మొదట చేపపిల్ల మెదలినట్లు, బుడగ పగిలినట్లు ఉండును. రానురాను తన్నుట, పొర్లుట, ఒత్తుట స్పష్టపడును. ఇవి యన్నియు కదలికలే. తాళము వేసినట్లు సమముగా కొట్టుకొను బిడ్డ వెక్కిళ్లను మాత్రము ఈ లెక్కలో చేర్చరాదు.

గర్భమున బిడ్డ నిద్రించును కూడ. ఆ నిద్ర తరచుగా 20 నుండి 40 నిమిషములు. 90 నిమిషములకు మించుట అరుదు. పగటి ఎక్కువ భాగము పనిలో నుండు తల్లి కొన్ని కదలికలను గమనింపకపోవచ్చును. సాయంకాలమున, రాత్రి పడుకొన్నప్పుడు ఎక్కువగా తెలియును. 28 వారముల నాటికి, అనగా మన ఇండ్లలో సీమంతము చేసి గాజులు తొడుగు దినములకు, ప్రతి బిడ్డకును తనదియగు నడవడి యొకటి ఏర్పడును. 32 వారముల వరకు కదలికలు పెరిగి, పిదప ప్రసవము వరకు ఇంచుమించు అట్లే యుండును. “నెలలు నిండినవి, చోటు చాలదు, అందుకే కదలిక తగ్గినది” యను మాట సరికాదు. కదలు తీరు మారవచ్చునే కాని కదలుట తగ్గరాదు.

తగ్గుటకు కారణమేమి? మావి ద్వారమున వచ్చు ప్రాణవాయువు చాలనప్పుడు బిడ్డ తన మెదడును, గుండెను కాపాడుకొనుటకై కాలు సేతులాడించుట తగ్గించును. ఇంట బియ్యము తరిగిపోయినప్పుడు గృహిణి ఖర్చు తగ్గించినట్లే యిదియును. రక్తపుపోటు, మధుమేహము, బిడ్డ ఎదుగుదల తక్కువగుట, ఉమ్మనీరు తగ్గుట మున్నగునవి దీని వెనుక నుండవచ్చును.

ఇక సోదరి యడిగిన లెక్క. వేల్సు దేశపు కార్డిఫ్ నగరమున పియర్సన్, వీవర్ అనువారు 1976లో ప్రచురించిన పరిశోధన నుండి, 12 గంటలలో పది కదలికలు లెక్కించు పద్ధతి వ్యాపించినది. మన దేశమున కొందరు వైద్యులు మూడు పూటల భోజనానంతరము ఒక్కొక్క గంట లెక్కింపుమని, గంటకు మూడైనను ఉండవలెనని చెప్పుదురు. మీ డాక్టరు చెప్పిన పద్ధతిని పాటింపుడు. కాని లెక్క యొక్కటియే రక్షింపజాలదు. 68 వేల మంది గర్భిణులపై జరిపి 1989లో ప్రకటించిన యొక గొప్ప పరీక్షలో, ప్రతిదినము లెక్కించిన వారికిని లెక్కింపని వారికిని శిశుమరణములలో భేదము కనబడలేదు. మరణించిన బిడ్డలలో ఎక్కువ మంది, తల్లులు వైద్యుల చెంతకు చేరునప్పటికే మరణించియుండిరి. దీనినుండి నేను గ్రహించినది ఇది: లెక్కించుట కంటె పోవుట ముఖ్యము. పది యను అంకె కంటె మీ బిడ్డ నిన్నటివరకు ఎట్లుండెనో అదియే మీకు సరియైన కొలత.

కదలిక తగ్గినట్లు సందేహము కలిగినచో పనులు మాని, ఎడమ ప్రక్కకు తిరిగి పడుకొని, మనస్సు దానిపైననే నిలిపి చూడుడు. రెండు గంటలలో పది కదలికలు తెలియనిచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. పూర్తిగా ఆగినట్లు తోచినచో ఆ రెండు గంటలును వేచియుండ పనిలేదు. 28 వారములకు ముందైనను బిడ్డ కదలుట లేదని తోచినచో చూపించుకొనవలసినదే. చన్నీళ్లు, పంచదార నీళ్లు త్రాగి చూచుచు కాలము గడపరాదు. గుండె చప్పుడు వినుటకై ఇంట వాడుకొను యంత్రములను నమ్మరాదు. వానిలో వినబడునది తల్లి నాడియే కావచ్చును.

ఇంతవరకు తేలికయే. కష్టమంతయు గడప దాటుటలోనే యున్నది. కోడలు “అత్తయ్యా, పొద్దుటినుంచీ బిడ్డ సరిగా కదలడం లేదండీ” అనును. అత్తగారు, “తొలిచూలు కదమ్మా, భయపడకు. పటికబెల్లం నీళ్లు తాగి పడుకో, తెల్లవారాక చూద్దాం” అనును. ఆమె చెడ్డది కాదు. ప్రేమతోనే అనుచున్నది. కాని ఆ తెల్లవారులోపలి గంటలే విలువ గలవి. ఒక ఇంట అమావాస్య, మరియొక ఇంట మంగళవారము, వేరొక ఇంట మగవారు ఊరిలో లేకపోవుట అడ్డు వచ్చును. మా వీధిలో పురిటికి పుట్టింటికి వచ్చిన యొక చిన్నదానికి 35వ వారమున ఇట్లే జరిగినది. తల్లి పంచాంగము చేతబట్టి వర్జ్యము చూచుచుండగా, అక్షరము రాని ముసలి అమ్మమ్మ, “లోపల ఉన్న బిడ్డ సంగతి దానికి తెలుస్తుందా, నీ పంచాంగానికి తెలుస్తుందా? ముందు ఆటో పిలవండి” అని గద్దించెను. ఆ రాత్రియే ఆపరేషను చేసిరి. బిడ్డ బరువు తక్కువ. కొన్ని దినములు ప్రత్యేకముగా ఉంచవలసి వచ్చినది. ఇప్పుడు వీధిలో పరుగులిడుచున్నది.

భాగవతమున ఉత్తర కథ మనమందరము వినినదే. అశ్వత్థామ అస్త్రము గర్భమునకు ముప్పు తెచ్చినప్పుడు ఆమె సిగ్గుపడి లోపల కూర్చుండలేదు. ద్వారకకు ప్రయాణమై రథమెక్కిన శ్రీకృష్ణుని యొద్దకు పరుగెత్తిపోయి, తానేమైనను గర్భమును కాపాడుమని మొరపెట్టుకొనెను. పరీక్షిత్తు బ్రతికెను. సకాలమున మొరపెట్టుకొన్న తల్లి కథగా దానిని మన బాలికలకు చెప్పుట మంచిది.

ఆసుపత్రిలో మొదట బిడ్డ గుండె చప్పుడు విందురు. పిదప కడుపునకు పట్టీలు కట్టి గుండె నడకను కాగితముపై గీయు యంత్రముతో కొంతసేపు చూతురు. అవసరమైనచో స్కానింగు చేసి ఎదుగుదలను, ఉమ్మనీటిని పరీక్షింతురు. ఒకమారు కదలిక తగ్గినదని వచ్చిన నూరుగురిలో సుమారు 70 మందికి ఏ చిక్కును లేకయే ప్రసవమగును. కాబట్టి పోవుటకు భయపడ నక్కరలేదు. “అంతయు బాగుగనే యున్నది, ఊరక వచ్చితిని” అని నొచ్చుకొననక్కరయు లేదు. ఆ మాట వినుటకే గదా పోయినది! మరల తగ్గినచో మరల పోవలెను. రెండవమారు తగ్గుట మొదటిదాని కంటె ఎక్కువ శ్రద్ధతో చూడదగినది.

ప్రభుత్వాసుపత్రులలో ప్రతి నెల 9వ తేదీని గర్భిణులను పరీక్షించు ఏర్పాటు 2016 నుండి కలదు. అది మామూలు పరీక్షల కొరకు. కదలిక తగ్గినప్పుడు ఆ తేదీ వరకు ఆగరాదు. బండి దొరకనిచో 108కి ఫోను చేయవలెను. పుట్టింటికి పోవునప్పుడు చీరెలతోపాటు తల్లీబిడ్డల కార్డును, స్కానింగు కాగితములను పెట్టెలో మొదట పెట్టుకొనవలెను. ఆ యూరి ఆసుపత్రి ఏదో, రాత్రివేళ ఎవరు తోడు వత్తురో ముందే అడిగి తెలిసికొనవలెను.

అమ్మలారా, అత్తగారలారా! మీకు అనుభవము కలదు, నిజమే. కాని ఈ బిడ్డ మీ కడుపున లేదు. దాని వార్త చెప్పగలిగినది ఆ పిల్ల యొక్కతెయే. ఆమె చెప్పినప్పుడు నమ్ముడు. ఈ నాలుగు మాటలను గర్భిణుల కంటె ముందుగా వారి ఇంటి పెద్దలు చదువుదురు గాక.