పెద్దల సభలో మన కుర్చీ ఏది? (9వ భాగం)



పోయిన భాగంలో రిజర్వుడు నియోజకవర్గాల గురించి రాశాను. "ఎగువ సభల సంగతి కూడా రాయన్నా" అని ఒక తమ్ముడు అడిగాడు. రాస్తున్నా.

2025 ఫిబ్రవరి 27. కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. నేను ఓటేసి ఇంటికొచ్చాను. సాయంత్రం మిరపకోత నుంచి వచ్చిన మా అమ్మ నా వేలి మీద సిరా చూసి, "నాకు చీటీ రాలేదేరా?" అంది.

"ఇది డిగ్రీ చదివినోళ్ల ఓటమ్మా."

"మరి నిన్ను చదివించింది ఎవర్రా?"

నా దగ్గర జవాబు లేదు.

లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో 58 సీట్లు. ఎమ్మెల్యేలు ఎన్నుకునేవి 20, స్థానిక సంస్థల ప్రతినిధులవి 20, పట్టభద్రులవి 5, ఉపాధ్యాయులవి 5, గవర్నర్ నామినేట్ చేసేవి 8. డిగ్రీ ఉన్న హైస్కూలు మాస్టారికి మండలికి రెండు ఓట్లు ఉండొచ్చు. కూలికెళ్లే అమ్మకు ఒక్కటీ లేదు. ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒక విలువ అన్న అంబేడ్కర్ సూత్రం ఈ గడప దాటలేదు.

ఇక కుర్చీలు. లోక్‌సభలో ఎస్సీలకు 84, ఎస్టీలకు 47 సీట్లు రిజర్వు. మన అసెంబ్లీలో 29, 7. రాజ్యసభలో సున్నా. మండలిలో సున్నా. 2023 మహిళా రిజర్వేషన్ సవరణ కూడా ఈ రెండు సభల జోలికి పోలేదు.

అసలు దెబ్బ ఇక్కడుంది. మన చట్టసభల రిజర్వేషన్‌ను పదేళ్లకోసారి పొడిగిస్తూ వస్తున్నారు. ఇప్పటి గడువు 2030 జనవరి. మళ్లీ పొడిగించాలంటే రాజ్యసభలోనూ మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. మనకు ఒక్క సీటూ కేటాయించని సభ, మన సీట్లు ఉండాలో పోవాలో తేలుస్తుంది! రచ్చబండ మీద పెద్దమనుషులు, కింద చేతులు కట్టుకుని మనం. ఈ దృశ్యం మనకు కొత్తదా?

"రాజ్యసభ రాష్ట్రాలకు ప్రతినిధి, కులాలకు కాదు" అంటారు. రాష్ట్రమంటే ఊరేనా? వాడ కాదా?

"మీవాళ్లనూ పంపాం కదా" అంటారు. పార్టీ అధినేత దయ తలిచి పంపడం వేరు, హక్కుగా కూర్చోవడం వేరు.

అయితే ఈ సభల్ని రద్దు చేయాలా? మన మండలిని 1985లో రద్దు చేశారు. 2007లో తెచ్చారు. 2020లో మళ్లీ రద్దుకు తీర్మానం చేసి, 2021లో వెనక్కి తీసుకున్నారు. ఇన్ని మార్పుల్లో మనకు ఒక్క సీటూ రిజర్వు కాలేదు.

నేను రద్దు అడగను. 1952లో బొంబాయిలో లోక్‌సభ ఎన్నిక ఓడిన బాబాసాహెబ్‌కు పార్లమెంటు తలుపు తెరిచింది రాజ్యసభే. ఆ తలుపు విలువ తెలుసు కాబట్టే, అందులో మన వాటా అడుగుతున్నా. రెండు సభల్లోనూ ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ కావాలి. డిగ్రీకి అదనపు ఓటు పోవాలి. నా ఓటుతో సహా.

ఈసారి మీ యూనివర్సిటీ హాస్టల్‌కు ఎమ్మెల్సీ అభ్యర్థి ఓటడగడానికి వస్తే, మా అమ్మ అడిగిన ప్రశ్నే అడగండి.

జై భీమ్.