గొలుసు ఆమె చేతికివ్వండి

రొమ్ము క్యాన్సర్ చికిత్స మొదలైన ఇంట్లో కుక్క ఉంటే, చుట్టాలు చెప్పే మొదటి సలహా దాన్ని ఎవరికైనా ఇచ్చేయమని. రెండో సలహా రోగికి: కాలు కింద పెట్టకు, పడుకో. రెండూ ప్రేమతో చెప్పే మాటలే. రెండూ చాలామంది విషయంలో పొరపాటు సలహాలే. ఆపరేషన్, కీమో, రేడియేషన్ గట్టెక్కాక కూడా నెలల తరబడి వదలని నీరసం ఒకటుంటుంది. ఎంత నిద్రపోయినా తీరదు. కదలకుండా ఉంటే కండ కరుగుతుంది, కండ కరిగితే నాలుగడుగులకే ఆయాసం వస్తుంది, ఆయాసం మళ్లీ మంచం ఎక్కిస్తుంది. ఈ వలయం నుంచి బయటపడే దారుల్లో అందరికీ అందేది నడక. ఆ నడక రోజూ మానకుండా సాగడానికి ఇంట్లో ఉన్న కుక్కకు మించిన తోడు అరుదు. దాన్ని పంపేయడం కాదు, తగిన జాగ్రత్తలతో దాని గొలుసు ఆమె చేతికివ్వాలన్నది నా వాదన.

నడక మేలు చేస్తుందన్నది ఊరికే అనుకునే మాట కాదు. క్యాన్సర్ నీరసంపై జరిగిన 113 పరిశోధనలను కలిపి 2017లో 'జామా ఆంకాలజీ' పత్రికలో విశ్లేషించారు. మందులకంటే వ్యాయామం, మానసిక చికిత్సలే ఎక్కువ ఫలితమిచ్చాయని తేలింది. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున ఓ మోస్తరు వ్యాయామం చేస్తే నీరసం, ఆందోళన, దిగులు తగ్గుతాయని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. ఇంకా ముందే, 2005లో, అమెరికాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,987 మంది నర్సుల వివరాలు పరిశీలించారు. వారానికి 3 నుంచి 5 గంటల మామూలు నడకకు సమానమైన శ్రమ చేసినవారిలో ఆ జబ్బుతో మరణించే ముప్పు, దాదాపు కదలని వారితో పోలిస్తే సగం వరకు తక్కువగా కనిపించింది. అయితే ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లే ఎక్కువ నడిచి ఉండవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే నడక జబ్బును తిరగబెట్టనివ్వదని నేను అనను, దాన్ని నమ్ముకుని మాత్రలు మానడం ప్రమాదం. నీరసం తగ్గి మనిషి తేరుకుంటుందన్నంత వరకు మాత్రం ఆధారం గట్టిదే, ఆ మేలు చిన్నది కాదు.

నడవమని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు కదా, మధ్యలో కుక్క ఎందుకు? తెలియక ఆగిపోయేవాళ్లు తక్కువ, లేవబుద్ధి కాక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. జబ్బు మొదట హరించేది ఆ ఉత్సాహాన్నే. కుక్క వేళకు వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే, వెళ్దామా వద్దా అన్న మీమాంసే ఉండదు. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారానికి 150 నిమిషాల శ్రమ అన్న లక్ష్యాన్ని అందుకునే అవకాశం కుక్కలున్న వారికి నాలుగు రెట్లు ఎక్కువ. మన ఇళ్లలో దీనికి మరో కోణం ఉంది. తన కోసం తాను అరగంట బయటికి వెళ్లడాన్ని చాలామంది ఆడవాళ్లు తప్పు చేసినట్టు భావిస్తారు. మూగజీవి కోసమంటే ఆ సంకోచం ఉండదు. జుట్టు ఊడిన తలకు గుడ్డ కట్టుకుని వీధిలోకి వస్తే ఎదురయ్యే జాలి చూపులు కూడా కుక్క పక్కనుంటే దాని మీదికి మళ్లుతాయి, పలకరింపు జబ్బుతో కాక కుక్క పేరుతో మొదలవుతుంది.

అభ్యంతరాలు తేలికైనవి కావు. కీమో రోజుల్లో తెల్ల రక్తకణాలు తగ్గి, చిన్న గీరు కూడా ఇన్‌ఫెక్షన్‌కు దారి తీయవచ్చు. కాబట్టి కుక్కకు టీకాలు, నులిపురుగుల మందు వేళకు పడాలి, గాయాలను నాకనివ్వకూడదు, దాని మలమూత్రాలు ఆమె ముట్టకూడదు. ఏ కుక్క కరిచినా, గీరినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి కీమో సంగతి చెప్పాలి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి పైపై గీరుకు కూడా రేబిస్ టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అవసరం. చంకలో గ్రంథులు తీసేసిన వైపు చెయ్యి వాస్తుందన్న భయమూ ఉంది. క్రమంగా పెంచుతూ బరువులెత్తితే వాపు ముదరదని 2009లో 141 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో తేలింది. కానీ కుక్క ఒక్కసారిగా లాగడం వేరు. గొలుసు రెండో చేత్తో పట్టుకోవాలి, మణికట్టుకు చుట్టుకోకూడదు. హార్మోన్ మాత్రల్లో కొన్ని ఎముకలను పలచబరుస్తాయి, కొన్ని కీమో మందులు పాదాలకు తిమ్మిరి తెస్తాయి. కుక్కను నడిపిస్తూ ఎముకలు విరగ్గొట్టుకున్న 65 ఏళ్లు పైబడినవారి సంఖ్య అమెరికాలో 2004 నుంచి 2017 నాటికి రెట్టింపు దాటింది, వారిలో నాలుగింట మూడొంతులకు పైగా స్త్రీలే. లాగే కుక్కైతే గొలుసు ఇంకొకరు పట్టుకోవాలి, ఆమె పక్కన నడిస్తే చాలు. వీధికుక్కల బెడదున్న చోట అపార్ట్‌మెంటు ఆవరణే మేలు. జబ్బు ఎముకలకు పాకినవారు, గుండె బలహీనపడినవారు డాక్టరును అడిగాకే అడుగు వేయాలి.

అన్నిటికంటే నాకు బరువుగా తోచే అభ్యంతరం మరొకటి: ఇల్లంతా మోసే ఆడమనిషి నెత్తిన ఇంకో చాకిరీ పెట్టడమే కదా ఇది? కుక్క పనులన్నీ ఆమెకే వదిలేస్తే ముమ్మాటికీ అంతే. స్నానం, తిండి, టీకాలు, శుభ్రం ఇంట్లో మిగతావారివి, నడక మాత్రమే ఆమెది. లేవలేని రోజున అదీ వేరొకరిదే. ఈ పంపకానికి సిద్ధంగా లేని ఇల్లు, నడక కోసమని కుక్కపిల్లను కొనకపోవడమే మంచిది. అది పదేళ్లకు పైబడిన బాధ్యత. పక్కింటివారి సాధుకుక్కతో సాయంత్రం నాలుగడుగులు వేసినా ఫలితం నడకదే.

మన దేశంలో 2022లో సుమారు 1.92 లక్షల మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంచనా. చికిత్స ముగించుకుని ఇంటికి చేరే ప్రతి ఒక్కరి డిశ్చార్జి కాగితంలో మందుల పక్కనే నడకనూ రాయాలి. ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్ని రోజులు, ఏ చేతిని కాపాడుకోవాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. ఇంట్లో కుక్క ఉందా అని డాక్టర్లు అడగాలి, ఉందంటే దాన్ని పంపేయమనే ముందు, దాని చాకిరీ ఎవరు చూస్తారని ఇంటివాళ్లను అడగాలి. దానికి వారిచ్చే జవాబును బట్టే ఆ గొలుసు ఆమెకు ఆసరా అవుతుందో, మరో బరువు అవుతుందో తేలుతుంది.