రంగు కాదు, బెడ్డు చూడండి
ఇంటి షెడ్డులోకి కొత్త చవకరకం లేత్ కంటే, అరగని పాత హెచ్‌ఎంటీ దొరికితే నా ఓటు దానికే. అరగనిది అన్నాను, కొత్తగా రంగేసినది కాదు. రంగు మరీ మెరుస్తుంటే నాకు అనుమానమే! బేరానికి ముందే బెడ్డు మీది జిడ్డు తుడిపించి, చక్ పక్కన గోరుతో తడిమి చూడండి. పని జరిగేది అక్కడే, అరిగేదీ అక్కడే. క్యారేజీని అక్కడ లూజు లేకుండా బిగించి టెయిల్‌స్టాక్ వైపు జరిపితే, అరిగిన మిషన్ దారిలోనే పట్టేస్తుంది. క్రాస్‌స్లైడ్ స్క్రూ లూజుకు కంగారొద్దు, నట్టు మార్చుకోవచ్చు. బెడ్డు గ్రైండింగ్ ఖర్చు మాత్రం చిన్నది కాదు. చేంజ్ గేర్లు ‘తర్వాత పంపిస్తా’నంటే నమ్మొద్దు. అవి లేకపోతే కోరిన సైజు మరలు పడవు, విడిగా వెతికితే దొరకడమూ కష్టమే. త్రీఫేజ్ మోటారంటారా, అది తీసి సింగిల్‌ఫేజ్‌ది బిగించుకోవచ్చు.