ఇంటిలోని ఫోను పద్దు

బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన పిదప మన కుటుంబములు అనేకము రైలులో బెంగుళూరు పోయి వచ్చి జీవించుచున్నవి. అట్టి ఇంట ఊహింపని ఫోను బిల్లు వచ్చినచో మొదట దెబ్బలు తినునది పిల్లలే! ఇది న్యాయము కాదని నా అభిప్రాయము. ఎవరును తాకకున్నను ఫోను తనంతట తానే యాప్‌లను నవీకరించుకొనుచు, వీడియోలను దించుకొనుచు డేటాను వ్యయపరచుచుండును. కోటాలో సగమును, నూటికి 90 వంతులును తీరినపుడు కంపెనీ సందేశము పంపవలెనని ట్రాయ్ నియమము గలదు. కాని ఇంగ్లీషు సందేశమును ఎందరు తల్లులు చదువగలరు? విద్యార్థులారా! పూర్వము అంగడి ఖాతాను చదివి వినిపించినట్లే దీనిని తెలుగున వినిపింపుడు. కోరని సేవకు సొమ్ము పోవుచున్నచో 155223కు ఫోను చేసి ఆపింపవచ్చును. డేటానే నిలుపుటకు 1925 కలదు.