దాచిన దగ్గు

2020లో కరోనా దినములలో మా కంకిపాడు ప్రాంతమందు ఎవరైనా దగ్గితే చాలు, ప్రక్కవారు దూరముగా జరిగేవారు. క్వారంటైనుకు తీసికొనిపోతారన్న భయముతో దగ్గును కొంగుచాటున అణచుకొన్నవారిని మేమెరుగుదుము. బస్సులు ఆగిపోయెను. ఆసుపత్రుల సిబ్బంది, పరీక్ష యంత్రములు చాలావరకు కరోనా పనికే మళ్లెను.

ఫలితమేమి? 2019లో మన దేశమందు సుమారు 24 లక్షల క్షయ కేసులు నమోదు కాగా, 2020లో 18 లక్షలే నమోదైనవి. క్షయ ఒక్క ఏడాదిలో అంతగా తగ్గే రోగము కాదు. తగ్గినది లెక్క మాత్రమే. లెక్కకు రానివారికి మందు అందలేదు. వారితో ఒకే గదిలో పండుకొను పిల్లలకు ముప్పు తొలగలేదు. ఏళ్ల తరబడి తగ్గుచు వచ్చిన క్షయ మరణములు ఆ ఏడు ప్రపంచమంతట మరల పెరిగినవి.

కనుక రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట కనబడితే కఫము పరీక్ష చేయించుదము. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితము. సాధారణముగా ఆరు నెలలు మానక వాడవలెను. మీ వీధిలో ఎవరైనా సిగ్గుపడి దాచుచున్నారా? వారికొరకు ప్రార్థించుదము, ఆసుపత్రికి తోడుగా కూడ వెళ్లుదము.