ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కాలిపోయిన లంబోర్గిని గుర్తుందా? పాత స్పోర్ట్స్ కార్ల వెనక అసలు లెక్క ఇదీ..

హైదరాబాద్: పసుపు రంగు లంబోర్గిని నడిరోడ్డు మీద మంటల్లో తగలబడుతున్న వీడియో గుర్తుందా? 2024 ఏప్రిల్ 13న శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కు వెళ్లే దారిలో, మామిడిపల్లి దగ్గర జరిగిన ఘటన అది. రెండు రోజుల పాటు అందరి ఫోన్లలోనూ అదే వీడియో.

అసలేం జరిగిందంటే.. ఓనర్ ఆ కారును అమ్మకానికి పెట్టాడు. ఓసారి చూస్తామని కబురొచ్చింది. తెలిసిన వాళ్ల చేతుల మీదుగా కారు మామిడిపల్లి వైపు వచ్చింది. అక్కడ, ఓనర్ తనకు డబ్బు బాకీ ఉన్నాడంటూ పాత కార్ల వ్యాపారం చేసే ఓ వ్యక్తి మరికొందరితో కలిసి పెట్రోల్ పోసి నిప్పంటించాడన్నది ఆరోపణ. పహాడీషరీఫ్ పోలీసులు కేసు పెట్టారు. కారు విలువ దాదాపు కోటి రూపాయలని అప్పట్లో వార్తలొచ్చాయి.

మంటలు అందరూ చూశారు. కానీ ఆ వార్తలో రెండు చిన్న వివరాలను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒకటి, అది 2009 మోడల్ గాలార్డో. రెండు, దాని నంబర్ ప్లేట్ ఢిల్లీది. పాత స్పోర్ట్స్ కార్ల బజారు ఎలా నడుస్తుందో తెలియాలంటే ఈ రెండింటి దగ్గరే మొదలుపెట్టాలి.

ఢిల్లీ ప్లేటు ఇక్కడికెలా వస్తుంది?

ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండి, పదేళ్లు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదన్నది ఎన్‌జీటీ మాట. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. 2025 ఆగస్టులో ఓనర్లకు కాస్త ఊరట దొరికింది. అదే ఏడాది డిసెంబర్‌కి ఆ ఊరట బీఎస్-4, ఆపై బండ్లకే పరిమితమైంది. అంటే ఢిల్లీలో 13, 14 ఏళ్ల కారు ఉన్నవాళ్లకు గడియారం టిక్ టిక్ మంటూనే ఉంటుంది. వాళ్లు కారును వేరే రాష్ట్రానికి అమ్మేయాలని చూస్తారు, రేటు పడిపోతుంది.

మామిడిపల్లిలో కాలిన కారు ఇందుకే ఇక్కడికొచ్చిందని చెప్పడం లేదు. కానీ 2009 మోడల్ అంటే, 2024లో ఢిల్లీ లెక్క ప్రకారం సరిగ్గా ఆ గీత దగ్గరకొచ్చిన కారే. తెలంగాణలో అలాంటి నిషేధం లేదు. 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ చూపించి, ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టి మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. పైగా మనకు 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ ఉంది. ఆరాంఘర్ దాటి శంషాబాద్ వైపు తిరిగితే రోడ్డు వెడల్పుగా, నున్నగా కనిపిస్తుంది. రెండు డోర్లు, కిందకు వాలిన టాప్ ఉన్న కూపే మీద మోజున్న కుర్రాడికి ఇంతకంటే ఏం కావాలి?

కొత్త ఎస్‌యూవీ ధరకే పాత ఆడి టీటీ, నిస్సాన్ 370జెడ్ లాంటివి దొరుకుతుంటే ఎవరికైనా చెయ్యి లాగుతుంది. అసలు ఖర్చు మొదలయ్యేది తాళాలు చేతికొచ్చాకే.

కాగితాలే అసలు ఇంజిన్

వేరే రాష్ట్రం కారు 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం ఇక్కడి నంబర్ తీసుకోవాల్సిందే. దానికి అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. వయసును బట్టి ట్యాక్స్ తగ్గుతుంది నిజమే. కానీ కారు అసలు ధరే భారీ కాబట్టి, తగ్గాక కూడా గట్టిగానే తగులుతుంది. అందుకే చాలామంది ఈ పనిని 'తర్వాత చూద్దాంలే' ఖాతాలో పడేస్తారు. 2021 ఆగస్టులో తెలంగాణ రవాణా శాఖ అధికారులు ట్యాక్స్ ఎగవేత అనుమానంతో ఒకేసారి 11 లగ్జరీ కార్లను సీజ్ చేశారు. వాటిలో వేరే రాష్ట్రాల ప్లేట్లతో తిరుగుతున్నవి ఉన్నాయి.

పేరు మార్చుకోకుండా బ్రోకర్ మాట మీద కారు చేతులు మారడం ఇంకా ప్రమాదం. ఇది కొన్నవాడి తలనొప్పి మాత్రమే అనుకుంటే పొరపాటు. యాక్సిడెంట్ జరిగితే, ఆర్‌సీలో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ కేసులో బండి ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారుతూ పోయింది. పేరు మాత్రం మొదటి ఓనర్ మీదే ఉండిపోయింది, చివరికి పరిహారం భారం ఆయన మీదే పడింది. 'ట్రయల్ కోసం ఇచ్చా', 'ఫ్రెండ్ తీసుకెళ్లాడు' అనే మాటలు కోర్టులో పెద్దగా నిలబడవు.

రిపేరు అంటే పార్టు కోసం వెతకడమే

సాధారణ కారు పార్టు కావాలంటే రాణిగంజ్, పుత్లీబౌలీ తిరిగితే దొరుకుతుంది. లేకుంటే విజయవాడ ఆటోనగర్‌కు ఫోన్ కొడతారు. గాలార్డో క్లచ్ అక్కడ దొరకదు కదా! 2003 నుంచి 2013 వరకు ప్రపంచం మొత్తానికి తయారైన గాలార్డోలు 14,022. వాటిలో మన దేశానికి వచ్చినవి చాలా తక్కువ. మూడేళ్లు దాటిన సెకండ్‌హ్యాండ్ కారును మామూలుగా ఇక్కడికి దిగుమతి చేసుకునే వీల్లేదు. కాబట్టి విప్పి పార్టులు అమ్ముకునే పాత కార్లు కూడా ఇక్కడ ఉండవు. జపాన్‌లోనో, దుబాయ్‌లోనో, యూరప్‌లోనో వెతకాలి, కస్టమ్స్ డ్యూటీ కట్టాలి, శంషాబాద్ కార్గోలో బాక్స్ దిగేదాకా కారును జాకీల మీద నిలబెట్టాలి.

పోనీ ఏది పాడవుతుందో ముందే తెలుస్తుందా? కొంతవరకు తెలుస్తుంది. 370జెడ్ మాన్యువల్‌లో గేర్‌బాక్స్ లోపలుండే క్లచ్ స్లేవ్ సిలిండర్ లీకవడం ఆ కారు నడిపే వాళ్లందరికీ తెలిసిన సంగతే. పార్టు చిన్నది, కానీ గేర్‌బాక్స్ దించితే తప్ప చేతికందదు. పాత ఆడి టీటీ ఆటోమేటిక్‌లో మెకట్రానిక్ యూనిట్. గాలార్డో ఈ-గేర్ అయితే మెహదీపట్నం లాంటి ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలినప్పుడల్లా క్లచ్‌ను తినేస్తుంది. వేగంగా పోయే కారుకి నెమ్మదిగా పోవడమే జబ్బు. వినడానికి విచిత్రంగా ఉంటుంది కానీ నిజం.

వీటన్నిటికంటే భయపెట్టేవి మాత్రం టైర్లు. ఇలాంటి కార్లు వారమంతా కవర్ కింద ఉండి ఆదివారం తెల్లవారుజామున బయటికొస్తాయి. తిరిగింది తక్కువ కాబట్టి టైరు మీద గాడులు కొత్తవాటిలానే ఉంటాయి, రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. ఓఆర్ఆర్‌లో మొదటి రెండు లేన్లలో స్పీడ్ లిమిట్ 120. మే నెల ఎండలో, పదేళ్ల రబ్బరు మీద 120 అంటే ఏమవుతుందో మెకానిక్‌ని అడగక్కర్లేదు. బ్రేక్ ఆయిల్ కూడా అంతే. తిరిగినా తిరగకపోయినా గాల్లో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. సైలెన్సర్‌కు లక్షలు పెట్టేవాళ్లు ఇక్కడ వేలు పెట్టడానికి మాత్రం వెనకాడుతున్నారు.

మోడిఫికేషన్.. ఎంతవరకు ఓకే?

ఇక్కడ చాలామందికి అపోహలున్నాయి. సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు, ఆర్‌సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఉల్లంఘిస్తే సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. సౌండ్ వచ్చే ఎగ్జాస్ట్ పెడితే సెక్షన్ 190(2) వేరే ఉంది. పది వేల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. లైసెన్స్ కూడా మూడు నెలలు పోతుంది. బుల్లెట్ బండ్ల సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరు చూసే ఉంటారు.

ఇన్సూరెన్స్ సంగతి వేరే కథ. పదేళ్లు దాటిన కారుకి క్లెయిమ్ వస్తే మెటల్ పార్టుల మీద 50 శాతం తరుగుదల కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ అయితే ఏ వయసు కారుకైనా సగమే. ఇక కంపెనీకి చెప్పకుండా ఈసీయూ రీమ్యాప్ చేయించి, స్ప్రింగులు మార్చి ఉంటే ఆ సగం కూడా అనుమానమే.

చట్టం ఎందుకింత కఠినంగా ఉందంటే కారణం లేకపోలేదు. 2025 ఫిబ్రవరిలో శంషాబాద్ దగ్గర ఓఆర్ఆర్ మీద ఖరీదైన కార్లతో స్టంట్లు చేసిన విద్యార్థులను ఆర్‌జీఐఏ పోలీసులు అరెస్ట్ చేశారు. అలాంటి వీడియోలు వచ్చినప్పుడల్లా 'మోడిఫై చేసిన కారు' అంటేనే పోకిరీ కారు అన్న ముద్ర పడిపోతోంది. కానీ పాత బ్రేకులు తీసేసి ఇంకా మంచి బ్రేకులు పెట్టుకున్నవాడికీ, క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసి పొగ, మోత పెంచినవాడికీ మధ్య తేడా చూసే పద్ధతి మన దగ్గర సరిగ్గా లేదు. జర్మనీలో పార్టు మార్చుకుంటే టీయూవీ లాంటి సంస్థ పరీక్షించి, సేఫ్ అనుకుంటే కారు కాగితాల్లో ఎక్కిస్తుంది. లేదంటే తీసేయమంటుంది. ఓనర్‌కీ గొడవ లేదు, పోలీసుకీ గొడవ లేదు. మన దగ్గర ఆ మధ్య దారి లేకపోవడంతో మంచి పని చేసినవాడు కూడా దాచిపెట్టాల్సి వస్తోంది. దాచిన మార్పును తనిఖీ చేసేదెవరు?

2059 దాకా ఆగాలా?

పాత కార్లకు కేంద్రం గౌరవం ఇవ్వలేదని కాదు. 2021లో తెచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కారుకు వింటేజ్ హోదా, 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబర్ ఇస్తారు. రోజూ తిప్పకూడదు, ప్రదర్శనలు, ర్యాలీల లాంటి వాటికి తీయొచ్చు. జర్మనీలో ఇలాంటి నంబర్ 30 ఏళ్లకే వస్తుంది. 2009 కారు మన రూల్ ప్రకారం వింటేజ్ అయ్యేది 2059లో.

మధ్యలో ఏమవుతుంది? 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5 వేలకు పెరిగింది. దిగుమతి కారుకైతే 40 వేలు. 2025 ఆగస్టులో ఇంకో మెట్టు వచ్చింది. 20 ఏళ్లు దాటితే మామూలు కారుకు 10 వేలు, దిగుమతి కారుకు 80 వేలు. ఐదేళ్లకు 80 వేలంటే ఏడాదికి 16 వేలు. కోటి రూపాయల కారుకు ఇదొక లెక్కా అనొచ్చు. కానీ 20 ఏళ్లు దాటిన దిగుమతి కార్లన్నీ కోటి కార్లు కావు. కొన్నింటికి ఇప్పుడు పలికే ధర ఒక కొత్త హ్యాచ్‌బ్యాక్ అంత. పాత, పొగ కక్కే బండ్లను వదిలించుకోవాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగే కూపేనూ, రోజూ వంద కిలోమీటర్లు తిరిగే డీజిల్ బండినీ వయసు అనే ఒక్క కొలతతో చూడటం దగ్గరే పేచీ.

ఈ వరసలో తర్వాతి బ్యాచ్ కూడా రెడీగా ఉంది. ఫోర్డ్ మస్టాంగ్ మన దేశంలో అధికారికంగా విడుదలైంది 2016 జూలైలో. కంపెనీ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్లు 2021 సెప్టెంబర్‌లో ప్రకటించింది. మొదట్లో అమ్ముడైన ఆ వీ8 కార్లకు 2031లో 15 ఏళ్లు నిండుతాయి. ఢిల్లీ ప్లేటుతో ఉన్నవాటిలో కొన్ని ఓఆర్ఆర్ ఎక్కడానికి అప్పటిదాకా ఆగకపోవచ్చు. మీకు అలాంటి బేరం వస్తే ఎన్‌ఓసీ, హైపోథికేషన్ క్లియరెన్స్, పాత చలాన్లు, టైరు మీద ఆ నాలుగంకెలు చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. అమ్మేది మీరైతే, ట్రయల్ కోసం ఎవరడిగినా పక్క సీట్లో మీరే కూర్చోండి.